పోశన్న సైరన్‌కు పెట్టిన టెలిస్కోపు

ముందే చెప్తున్న, మధ్యల నవ్వొద్దు. నవ్వి చాయ్ మీద పోసుకుంటే నా జిమ్మేదారీ కాదు. మొన్న గురువారం ఏం జరిగిందో చూడండి... ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన నేను, కంప్యూటర్ పెట్టిన టెలిస్కోపు చేతిల ఉండంగ, నలభై మంది ముందట శనిగ్రహాన్ని పోగొట్టిన! చిన్న వస్తువా అది? చుట్టూ రింగులతోని సహా కనపడకుంట పోయింది. చివరికి దాన్ని దొరకబట్టింది ఎవరనుకున్నరు? చక్కెర మిల్లుల సైరన్ కొట్టే పోశన్న!

సరే, మొదటిసంది చెప్తా.

మీకు తెలుసు కదా, జూన్‌ల మా స్కూలు వాళ్లు నన్ను నిజామాబాద్ బ్రాంచి నుంచి బోధన్ దిక్కు ఉన్న బ్రాంచికి మార్చిండ్రు. చుట్టూ చెరుకు తోటలు, ఊరి చివర ఒక చిన్న చక్కెర మిల్లు, మిల్లుకు ఇవతల మా స్కూలు. పోశన్న ఇంట్ల ఒక రూము కిరాయికి తీసుకున్న. పోశన్న అంటే మిల్లుల బాయిలర్ కాడ పనిచేస్తడు. ముప్పై ఏండ్ల సంది పొద్దున ఆరింటి షిఫ్టుకు, సాయంత్రం ఆరింటి షిఫ్టుకు ఆవిరి సైరన్ గొలుసు గుంజేది ఆయనే. సన్నగ ఉంటడు, తక్కువ మాట్లాడుతడు, అన్నింటికీ చిన్నగ నవ్వుతడు. ఆ నవ్వును గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తది.

ఆ సైరన్ వింటే ఊరంతా కదులుతది. పొయ్యిలు అంటిస్తరు, బర్లను విడుస్తరు, మా స్కూలు గోడ గడియారం కూడా దానికే తిప్పుతరు. నేను వచ్చిన మొదటి రోజే నా వాచీని ఆ సైరన్‌కు కలిపిన. ఏం క్రమశిక్షణ అనుకున్నరు! నేను మురిసిపోయిన. ఒక రోజు ప్రేయర్‌ల పిల్లలకు ఉపన్యాసం కూడా ఇచ్చిన. "కచ్చితత్వం అంటే ఏందో తెలుసుకోవాలంటే పుస్తకాలు అక్కరలేదు. పోశన్న సైరన్ వినండి. సెకండు అటు కాదు, ఇటు కాదు!" అన్న. పిల్లలు కిసకిస నవ్విండ్రు. హెడ్‌మాస్టర్ సార్‌కు దగ్గొచ్చింది. పల్లెటూరి పిల్లలు, మర్యాద తెల్వదు అనుకొని ఇంకో పది నిమిషాలు చెప్పిన. సాయంత్రం పోశన్నకు కూడా చెప్పిన, "నీ మీద ఉపన్యాసం ఇచ్చిన పోశన్నా" అని. అదే చిన్న నవ్వు నవ్వి, చాయ్ తాగి పోయిండు.

ఒక్క బస్సుతోనే నాకు కోపం. శనివారం సాయంత్రం ఇంటికి పోదామని రోడ్డు మీద నిలబడితే, నిజామాబాద్ బస్సు ఎప్పుడూ పావుగంట లేటు. ఎప్పుడూ! కండక్టర్‌తోని ఎన్నిసార్లు కొట్లాడిన్నో. "మా ఊర్ల ఒక సైరన్ కొట్టేటాయనకు ఉన్న బుద్ధి మీకు లేదా?" అని కూడా అడిగిన. కండక్టర్ నా దిక్కు చూసి, టికెట్ చింపి చేతిల పెట్టిండు.

క్రిస్మస్ సెలవులకు ఇంటికి పోతే మా ఇంటి గోడ గడియారం పావుగంట స్లో ఉంది. నేనే స్టూలెక్కి ముందుకు తిప్పిన. "బాపూ, టౌన్ల ఉండి కూడా మీకు టైం విలువ తెల్వదు" అన్న. మా బాపు పసుపు యార్డుల కాంటా కాడ పనిచేస్తడు, పాపం. నా మాట విని తలూపిండు. పండుగ రోజు మేమందరం అందరికంటే ముందు చర్చికి పోయి, తాళం వేసిన తలుపు ముందట చలిల నిలబడ్డం. చర్చి వాళ్లు కూడా లేటే అనుకున్న నేను.

ఇగ టెలిస్కోపు సంగతికి వస్తా.

మా కరస్పాండెంట్ సార్ హైదరాబాద్ పోయి, ఏదో ఎగ్జిబిషన్‌ల చూసి, కంప్యూటర్ టెలిస్కోపు కొనుక్కొచ్చిండు. దానికి రిమోట్ లెక్క ఒకటి ఉంటది. ఏ ఊర్ల ఉన్నమో, తారీఖు ఎంతో, టైం ఎంతో చెప్పి, రెండు నక్షత్రాలను చూపెడితే చాలు. తర్వాత 'శని' అని నొక్కితే మోటారు తిరిగి అదే శని కాడికి పోయి నిలబడుతది. దాన్నే అలైన్‌మెంట్ అంటరు. ఆ మాట విన్నప్పటిసంది నాకు నిద్ర లేదు.

ఎందుకో చెప్పనా? అయిదేండ్ల సంది పిల్లలకు శనిగ్రహం పాఠం చెప్తున్న. బోర్డు మీద కోడిగుడ్డు గీసి, దానికి బెల్టు పెట్టి, "ఇవే వలయాలు" అంటున్న. పోయిన నెల తొమ్మిదో తరగతిల మంజుల అనే పిల్ల లేచి, "మేడం, మీరు చూసిండ్రా?" అని అడిగింది. అంతే అడిగింది. నేను "కూర్చో" అన్న. ఆ రోజు అన్నం సయించలేదు నాకు. చూడనిదాన్ని చూసినట్టు చెప్పి జీతం తీసుకుంటున్న కదా అనిపించింది.

కాని ఉన్నది ఒక్కటే టెలిస్కోపు, బ్రాంచీలు రెండు. టౌన్ బ్రాంచి వాళ్లు "మాకే కావాలె" అని పట్టుబట్టిండ్రు. నేను సార్‌కు ఫోన్ చేసి, "సార్, టౌన్ల అన్నీ లైట్లే. మా కాడ ఆకాశం నల్లగ, శుభ్రంగ ఉంటది" అని బతిమిలాడిన. ఆయన ఆలోచించి ఒక మాటన్నడు.

"గురువారం సాయంత్రం ఏడింటికి వస్త మేడం. అందరి ముందట నడిపి శనిగ్రహం చూపెడితే టెలిస్కోపు మీ కాడనే ఉంటది. లేకపోతే అదే జీపుల వేసుకొని నిజామాబాద్ తీసుకపోత. పనిచేయనోళ్ల కాడ పెడితే ఎలుకలు కొడతయి."

సరే అన్న.

బుధవారం టెలిస్కోపు దిగింది. మాన్యువల్ మూడుసార్లు చదివిన. అండ్ల పెద్ద అక్షరాలతోని రాసి ఉంది, సమాచారం కచ్చితంగ లేకపోతే టెలిస్కోపు ఆకాశాన్ని గుర్తుపట్టదని. నేనేమన్న తక్కువ తిన్ననా? అట్లాసు తీసి అక్షాంశం, రేఖాంశం గీతల మధ్య స్కేలు పెట్టి కొలిచిన. తారీఖు కాడ నెల ముందు కొట్టాల్నని అర్థం చేసుకున్న. కొన్ని దేశాల లెక్క ఎండాకాలం గడియారం ముందుకు జరుపుతరా అని అడిగితే 'లేదు' అని కొట్టిన. మేస్త్రీ కాడ రసమట్టం తెచ్చి స్కూలు డాబా మీద స్టాండును మట్టంగ నిలబెట్టిన. ఉత్తరం దిక్కు చూసేటప్పుడు ఇనుప చువ్వలకు దూరంగ జరిగి దిక్సూచి పట్టిన. కొత్తగ చేసేటోళ్లు ఏ తప్పులు చేస్తరో అవన్నీ రాసి పెట్టుకొని, ఒక్కొక్కటి కొట్టేసుకుంట పోయిన.

మిగిలింది టైం.

టైం కాడ నేను ఇంకా జాగ్రత్త పడ్డ. నా వాచీని కూడా నమ్మలె! వాచీ సెకండో రెండు సెకండ్లో తేడా ఉండొచ్చు కదా? అందుకే గురువారం సాయంత్రం రిమోట్ల 'ఆరు గంటల సున్నా నిమిషాలు' అని కొట్టి, ఎంటర్ మీద వేలు పెట్టి, మిల్లు దిక్కు చెవి పెట్టి నిలబడ్డ. ఊపిరి కూడా బిగబట్టిన. సైరన్ 'ఊ...' అని లేచిన ఆ క్షణంలనే... టక్! నొక్కిన. ఎంత మురిసిపోయిన్నో! హైదరాబాద్‌ల కూడా ఇంత కచ్చితంగ ఎవరూ పెట్టి ఉండరు అనుకున్న.

అట్లనే ఆన్‌ల ఉంచి చీకటి పడేదాంక కాపలా కాసిన. ఈలోపు జనం డాబా ఎక్కుడు షురూ అయింది. 'శని' అంటే ఊర్ల ఊకుంటరా? ఒకామె మెట్ల కాడనే ఆగి, "శనిని పిలిచి మరీ చూసుడేంది మేడం, ఊకున్నదాన్ని?" అన్నది. అటెండర్ ఎవరికీ చెప్పకుంట స్టాండు కాలుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టిండు. హెడ్‌మాస్టర్ సార్ కొబ్బరికాయ కొట్టిండు. నేను ఓ మూలకు పోయి కండ్లు మూసుకొని ప్రార్థన చేసుకున్న. ఏ వైపు నుంచీ లోటు రాకుంట చూసుకున్నం.

నా వాచీల ఏడు దాటి పావుగంట అయినంక కరస్పాండెంట్ సార్ జీపు వచ్చింది. డాబా ఎక్కుకుంటనే వాచీ చూసుకొని, "సరిగ్గ ఏడు! నేను టైమంటే టైమే" అన్నడు. నేను నా వాచీ చూసుకున్న. పెద్దోళ్లతోని వాచీల గురించి ఎందుకులే అని కొంగు కింద దాచిన.

"షురూ చేయండి మేడం" అన్నడు సార్, కుర్చీల కూర్చొని.

మొదటి నక్షత్రం రోహిణి అని ఎంచిన. మోటారు గుర్రుమన్నది. గొట్టం దానంతట అదే లేచి తిరుగుతుంటే జనం "అబ్బో!" అన్నరు. నాకు రెక్కలొచ్చినయి. కన్ను పెట్టి చూస్తే అండ్ల ఒక చుక్క. పెద్ద మెరుపేం లేదు గాని చుక్కయితే ఉంది. కంప్యూటర్ తెచ్చి నిలబెట్టింది కదా, అదే రోహిణి అయి ఉంటది అని మధ్యలకు తెచ్చి ఎంటర్ కొట్టిన. రెండోది బ్రహ్మహృదయం. అక్కడా ఏదో చుక్క కనపడ్డది. ఎంటర్.

'అలైన్‌మెంట్ ఫెయిల్' అన్నది రిమోట్.

"ఏమైంది మేడం?" 

"ఏం లేదు సార్, ఫస్ట్ టైం కదా, వేడెక్కాలె" అన్న. టెలిస్కోపు ఏమన్న మోటారు సైకిలా వేడెక్కనీకి! నోటికొచ్చింది, అన్న.

మళ్లీ చేసిన. మళ్లీ ఫెయిల్. జీపు డ్రైవర్ డాబా మీదికి వచ్చి, టెలిస్కోపు డబ్బా ఎక్కడ పెట్టిండ్రు అని అటెండర్‌ను మెల్లగ అడుగుతున్నడు. నాకు వినపడ్డది. మూడోసారి చేసిన, రోహిణి కాడ ఇంకో చుక్క, బ్రహ్మహృదయం కాడ ఇంకో చుక్క... 'సక్సెస్' అన్నది!

"సక్సెస్ సార్!" అని అరిచిన. పిల్లలు చప్పట్లు కొట్టిండ్రు. వెంటనే 'శని' అని నొక్కిన. గొట్టం గుర్రుమని పోయి ఠీవిగ ఆగింది. నేను ముందు చూడకుంట, మర్యాదకు సార్‌ను పిలిచిన. అక్కడే చెడ్డది.

సార్ వంగి చూసిండు. చానసేపు చూసిండు. కండ్లద్దాలు తీసి చూసిండు, పెట్టుకొని చూసిండు.

"మేడం, అంతా నల్లగ ఉన్నది."

హెడ్‌మాస్టర్ సార్ మంచోడు, నన్ను కాపాడుదామని ముందుకొచ్చిండు. "శనేశ్వరుడు నలుపే కద సార్" అన్నడు.

"నలుపైతే రింగులు ఏవి?"

"అవి... అవి కూడా నలుపే ఉంటయేమో సార్."

నేను కన్ను పెట్టి చూసిన. శని లేడు, రింగులు లేవు, చుక్క కూడా లేదు. ఉత్త చీకటి. అటు తిప్పిన, ఇటు తిప్పిన. మంజుల నా పక్కకొచ్చి నిలబడ్డది. ఏమీ అడగలె. అడిగినా బాగుండు. సార్ కుర్చీల నుంచి లేచిండు. "పర్వాలేదు మేడం, మీరు కష్టపడ్డరు. డ్రైవర్‌ను డబ్బా తెమ్మంట" అన్నడు. తిట్టినా ఇంత బాధ అయ్యేది కాదు. కండ్లల్ల నీళ్లు తిరిగినయి, చీకట్ల ఎవరికీ కనపడలె గనక సరిపోయింది.

అప్పుడు మెట్ల మీద టిఫిన్ డబ్బా చప్పుడు. పోశన్న! డ్యూటీ దిగి, ఇంటికి పోకుంట ఇటే వచ్చిండు.

"కనపడ్డదా మేడం?"

"లేదు పోశన్నా. అన్నీ సరిగ్గనే పెట్టిన. ఏం తప్పు చేసిన్నో తెలుస్తలేదు."

"ఏమేం పెట్టిండ్రు?"

ఏడుపు గొంతుతోని లిస్టు అప్పజెప్పిన. ఊరు, తారీఖు, రసమట్టం, దిక్సూచి, రోహిణి... "టైమైతే నీ సైరన్‌కే పెట్టిన. నువ్వు గొలుసు గుంజుడు, నేను నొక్కుడు, ఒకటేసారి. దాంట్ల సెకండు తేడా లేదు!"

పోశన్న నవ్వు పోయింది.

"ఆరింటి సైరన్‌కా?"

"అవును, ఆరింటి సైరన్‌కే."

"ఆరింటి సైరన్ పావు తక్కువ ఆరుకు అయితది గద మేడం."

"ఏందీ?"

"పావు తక్కువ ఆరుకు. ముప్పై ఏండ్ల సంది గట్లనే."

వెనక పిల్లలు ఇగ ఆపుకోలేకపోయిండ్రు. హెడ్‌మాస్టర్ సార్‌కు మళ్లీ దగ్గొచ్చింది. ఇప్పుడర్థమైంది నాకు ఆ దగ్గు!

"మీకు తెల్వదా మేడం?" అన్నడు ఆయన. "ఊరందరికి తెలుసు. మన బడి గంట కూడా సైరన్ టైమే. బస్సుకు, రేడియోకు మాత్రం పావుగంట తీసేసి లెక్క చేసుకుంటం."

"మరి నాకు ఎవరూ చెప్పలేదేంది సార్?"

"పొద్దు తూర్పు దిక్కు పొడుస్తదని ఎవరన్న ఎవరికన్న చెప్తరా మేడం?"

నేను కొట్లాడిన కండక్టర్ ముఖం కండ్ల ముందటికి వచ్చింది. చలిల నిలబడ్డ బాపు వచ్చిండు. కచ్చితత్వం మీద నా ఉపన్యాసం పూర్తిగ వచ్చింది, మొదటి వాక్యం నుంచి.

కరస్పాండెంట్ సార్ మాత్రం నవ్వలె. "ముందు ఎందుకు కొడుతవు పోశన్నా?" అని అడిగిండు.

పోశన్న టిఫిన్ డబ్బా కింద పెట్టిండు. "నేను కొలువుల చేరిన కొత్తల సార్, సైరనూ గేటూ ఒకటేసారి. ఇటు కూత కాంగనే అటు గేటు మూసేది. తండా ఆడోళ్లు సంకల పిల్లనేసుకొని చెరుకు తోటల నుంచి ఉరుక్కుంట వచ్చేది. నాలుగడుగుల దూరంల గేటు పడేది. ఆ పూట కూలి పోయినట్టే. వాళ్లకు వాచీలు యాడియి సార్? నా సైరనే గడియారం. గేటు పట్టుకొని ఏడుస్తుంటే నాకు పైనుంచి కనపడేది. ఒకనాడు పెద్ద సాబ్ కాడికి పోయి చెప్పిన, నేను పావుగంట ముందు గుంజుత సాబ్ అని. గేటు గడియారం ముట్టకు, సైరన్ నీ ఇష్టం అన్నడు. గంతే. ఆనాటిసంది గేటు ముందట ఎవ్వరూ ఏడ్వలె."

అంత మామూలుగ చెప్పిండు, కూర్ల ఉప్పు ఎక్కువైంది అన్నట్టు. ఆరు నెలల సంది ఆ ఇంట్ల ఉంటున్న, ఆ చాయ్ తాగుతున్న, ఆయన గురించి ఉపన్యాసాలు ఇస్తున్న. అసలు సంగతి మాత్రం తెల్వదు నాకు. నేను మెచ్చుకున్నది ఆయనల లేని గుణాన్ని, ఉన్నది అంతకన్న పెద్దది.

"ఇంకోటి మేడం" అన్నడు పోశన్న. "మీరు రోహిణి కోసం చూస్తున్న అన్నరు కదా, ఏది అది?"

"ఎర్రగ ఉండే నక్షత్రం."

"ఎర్రదా? అగో, గది. మీరు గొట్టం పెట్టుకుంట ఉంటే వచ్చుకుంట రోడ్డు మీద నుంచి చూసిన. గొట్టం దానికి జర పైకి చూస్తుండె."

తలెత్తి చూసిన. నిజం! ఎర్రటి రోహిణి ఆకాశంల నిగనిగలాడుతున్నది. నేను దాన్ని ఒక్కసారన్న ఉత్త కండ్లతోని చూసిన్నా? చూడలె. కంప్యూటర్ ఎటు పోతే అటు పోయి, దొరికిన చుక్కకల్లా రోహిణి అని పేరు పెట్టిన.

"నీకెట్ల తెలుసు పోశన్నా?"

"బాయిలర్ పైన నిలబడి గొలుసు గుంజే ముందు ఆకాశం చూసుడు నాకు అలవాటు. వాచీ ఆగుతది గాని చుక్కలు ఆగయి కద. పేర్లు తెల్వయి నాకు. ఎవరు ఎప్పుడు ఎక్కడ ఉంటరో తెలుసు. మీరు వెతికే శని ఏదో తెల్వదు గాని, ఒకటున్నది మేడం. రెండేండ్ల కింద గా ఎర్ర చుక్క పక్కన ఉండె. మినుకుమనదు, నిలకడగ ఎలుగుతది. మిగతయన్నీ కలిసి నడుస్తయి, ఇదొక్కటి మెల్లమెల్లగ ఎనకపడుకుంట వస్తున్నది. ఇప్పుడు అగో, గా చెరుకు తోట మీద ఉన్నది" అని తూర్పు దిక్కు వేలు చూపెట్టిండు.

హెడ్‌మాస్టర్ సార్ నోరు తెరిచిండు. "శనైశ్చరుడంటే మెల్లగ నడిచేటోడనే అర్థం!" అన్నడు. ఆయన ఒళ్లు జలదరించిందంట, తర్వాత చెప్పిండు.

"సార్, ఒక్క పది నిమిషాలు ఇయ్యండి" అన్న నేను.

కరస్పాండెంట్ సార్ మళ్లీ కూర్చున్నడు. పోశన్న జేబుల నుంచి పాత వాచీ తీసిండు. రోజూ రేడియో వార్తల ముందు వచ్చే టిక్కుటిక్కులకు కలుపుకుంటడంట. ఊరికి ఇచ్చేది ఒక టైం, ఆయన జేబుల పెట్టుకునేది ఇంకో టైం!

"ఏడు ముప్పై ఎనిమిది కావస్తున్నది... ఆగుండ్రి... ఆగుండ్రి... ఇగ నొక్కుండ్రి!"

నొక్కిన. మళ్లీ రోహిణి. ఈసారి ముందు ఆకాశం చూసిన, తర్వాత గొట్టం చూసిన. చిన్నగ జరిపితే చాలు, ఎర్రటి నక్షత్రం మధ్యల దిగింది. "గా తెల్లదే కద రెండోది?" అని పోశన్న ఉత్తరం దిక్కు చూపెట్టిండు. బ్రహ్మహృదయం. ఎంటర్. సక్సెస్. ఈసారి నేను అరవలె. మెల్లగ 'శని' అని నొక్కిన.

మోటారు గుర్రుమన్నది. గొట్టం దిగింది, తిరిగింది, తూర్పు దిక్కు వచ్చి చెరుకు తోట మీద ఆగింది. పోశన్న వేలు ఎక్కడ ఉందో సరిగ్గ అక్కడనే. వేలు అప్పటికే అక్కడ నిలబడి ఉంది, మోటారుకే ఆలస్యం!

"నువ్వు చూడు పోశన్నా ముందు" అన్న.

"నాదేమున్నది బిడ్డా, నేను రోజూ చూస్తున్న. నువ్వు చూడు."

మేడం పోయి బిడ్డ అయింది, గమనించిండ్రా? నేను వంగిన.

ఏం చెప్పాలె! చిన్నగ ఉంది, చాన చిన్నగ. కాని గుండ్రటి బంతి, దాని చుట్టూ రింగు. రింగుకూ బంతికీ మధ్య సన్నటి నల్లని సందు. ఎవరో కుదురుగ కూర్చొని చెక్కినట్టు ఉంది. నేను బోర్డు మీద గీసిన కోడిగుడ్లన్నీ గుర్తొచ్చి సిగ్గయింది. "నిజంగనే ఉంది! రింగు నిజంగనే ఉంది!" అని గట్టిగ అరిచిన.

"మేడం, మీకు ఇన్నొద్దులు డౌటుండెనా?" అన్నది మంజుల.

ఆ పిల్లకు ఈసారి "కూర్చో" అనలె. "ఉండె" అన్న. చేయి పట్టుకొని తెచ్చి చూపించిన. తర్వాత సార్, హెడ్‌మాస్టర్ సార్, పిల్లలు, శనిని పిలుచుడెందుకన్న ఆమె కూడా, రెండుసార్లు. పోశన్న అందరి తర్వాత వచ్చిండు. ఒంటి కన్ను మూసి, చేతులు ఎనక కట్టుకొని వంగిండు. ఎంతసేపటికీ లేవలె. లేచి తుండుతోని ముఖం తుడుచుకున్నడు.

"ఎన్నేండ్ల సంది చూస్తున్న దీన్ని. కడెం పెట్టుకున్నదని తెల్వకపాయె" అన్నడు.

కరస్పాండెంట్ సార్ డ్రైవర్‌ను పంపించేసిండు, డబ్బా వద్దని. అక్కడికక్కడే స్టాక్ రిజిస్టర్ తెప్పించిండు. "రాయండి మేడం. టెలిస్కోపు ఈ బ్రాంచికే." నేను ఎగిరి గంతేసినంత పనిచేసిన. "ఇన్‌చార్జి పేరు కూడా రాయండి" అన్నడు. సిగ్గుపడుకుంట నా పేరు షురూ చేస్తుంటే చేయి అడ్డం పెట్టిండు. "అది కాదు. ఇన్‌చార్జి పోశన్న. మీరు అసిస్టెంటు."

నా చేతులతోనే రాసిన. మనస్ఫూర్తిగ రాసిన, నమ్మండి.

అప్పుడే పోయి ఎస్టీడీ బూతు నుంచి ఇంటికి ఫోన్ కొట్టిన. "బాపూ, తప్పైంది. గడియారం పావుగంట వెనుకకు తిప్పు" అన్న. బాపు కంగారుపడ్డడు. "వద్దు బిడ్డా, దాన్ని ముట్టను! నువ్వు తిప్పి పోయినకాడికెళ్లి యార్డుకు నేనే ముందు పోతున్న, ఉరుకుడు లేదు, ఒక చాయ్ కూడా తాగుతున్న" అన్నడు. పోశన్న సైరన్ నిజామాబాద్ దాంక పనిచేస్తున్నదన్న మాట.

కాని నేను సైన్స్ టీచర్‌ను. ఇగ తప్పు టైంల బతకొద్దు అని ఆ రోజే నిర్ణయం తీసుకున్న. పడుకునే ముందు రేడియో టిక్కుటిక్కులకు నా వాచీ కలుపుకున్న. సెకండు తేడా లేదు, ఈసారి నిజంగనే లేదు. పొద్దున లేచి, తల దువ్వుకొని, వాచీల తొమ్మిదికి రెండు నిమిషాలు తక్కువుండంగ ఠీవిగ స్కూలు గేటు కాడికి పోయిన.

గేటు మూసి ఉంది. లోపల ప్రేయర్ అయిపోయి మొదటి పీరియడ్ షురూ అయింది. బడి గంట సైరన్ టైమే కదా! హెడ్‌మాస్టర్ సార్ హాజరు రిజిస్టర్ నా ముందట పెట్టిండు. నా పేరు ఎదురుగ ఎర్ర సిరాతోని గుండ్రటి లేట్ మార్కు, చుట్టూ ఇంకో గీత, అచ్చం శనిగ్రహం లెక్క. ఆరు నెలల్ల నా వాచీ మొదటిసారి కరెక్ట్ టైం చూపెట్టింది, మొదటిసారి నాకు లేట్ మార్కు పడ్డది.

"మేడం, మీరు లేకపోతే ప్రేయర్ల మీ ఉపన్యాసం నేనే చదివిన" అన్నడు సార్, దగ్గుకుంట.

గోడ మీద, ముందురోజు నేను రాసిపెట్టిన ప్రేయర్ అంశం నా చేతిరాతతోనే ఉంది: సమయపాలన.